ఉప్పునీటి మీద ఒత్తిడి

ఉప్పు కలిపిన నీటిని గట్టిగా ఒత్తితే అందులోంచి కరెంటు మునుపటికంటే కాస్త సులువుగా పోతుంది. ఈ మాట నిజం. కావాలంటే మీ పుస్తకాల్లో చూసుకోండి. నేను పుస్తకంలో చూసి ఊరుకోలేదు. కొండ మీద, కాఫీ తోటల పక్కన, ఇనుప పైపులో ఉప్పునీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తి నా కళ్లతో చూశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చాలా నిజాలు చెప్పాను. ఒక ఊరి నీళ్లు పోగొట్టడానికి పనికొచ్చిన నిజం మాత్రం ఇదొక్కటే.

ఇప్పుడు లాబుల్లో, సర్వే ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు పిలిచి "మీ అనుభవం చెప్పండి మేడమ్" అంటారు. వాళ్లకి కావలసింది ఏదో ఒక విజయం. నా దగ్గర అలాంటివి పెద్దగా లేవు. ఉన్నవి కూడా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో సరిగ్గా చెప్పిన రకం. అందుకని ఇది చెప్తున్నాను.

నేను మైదాన ప్రాంతంలో ఒక నీటి పరీక్షల లాబులో కెమిస్టుని. ఒక వేసవిలో నన్ను డిప్యుటేషన్ మీద ఏజెన్సీకి పంపారు. గూడెం కొత్తవీధి దాటి చాలా దూరం పోయాక, తారురోడ్డు మట్టిరోడ్డయ్యే చోట మా క్యాంపు. నాలుగు రేకుల షెడ్లు, ఒక జనరేటరు, ఒక జీపు. కొండ పైన ఒక జలాశయం, కింద ఒకటి కట్టి, కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు అది. రెండు జలాశయాలకీ మధ్య కొండ కడుపులోంచి సొరంగం వెళ్లాలి. ఆ కొండకి ఇవతలి వాలులో ఒక ఊరుంది. ఆ ఊరికి ఒక ఊట ఉంది. నన్ను పిలిపించింది ఆ ఊట గురించే.

రాతి పగుల్లోంచి వచ్చే ధారకి వెదురుబొంగు అమర్చుకున్నారు ఊరివాళ్లు. తాగడం, వండుకోవడం, స్నానాలు అన్నీ దాని కిందే. కాఫీ పళ్లు దిగే రోజుల్లో తొక్క తీసి గింజలు కడగడం కూడా అక్కడే. మిగిలిన నీళ్లు కిందున్న వరిమడుల్లోకి జారిపోయేవి. ఊట పక్కన పసుపు రాసిన రాయి ఒకటి ఉండేది. చర్చికి, ప్రార్థనకి వెళ్లే కుటుంబాలు దానికి దండం పెట్టేవి కావు గానీ, ఆ రాయి దగ్గర చెప్పులు వేసుకుని నడిచేవీ కావు.

సొరంగం తవ్వితే ఊట ఎండిపోతుందేమోనని ఊరివాళ్ల భయం. అలా జరగదని చూపించాలని మా పెద్దసారు తాపత్రయం.

పెద్దసారంటే మా క్యాంపు చీఫ్ ఇంజినీరు. ఆయన్ని దుర్మార్గుణ్ణి చేసి చెప్పడం నాకు సులువే, మీకూ వినడానికి బాగుంటుంది. కానీ ఆయన అలాంటివాడు కాదు. క్యాంపులో ఆడవాళ్లకి వేరే బాత్‌రూమ్ కట్టించాకే నన్ను రమ్మన్నాడు. రాయిని చేత్తో తడిమి దాని వయసు, దాని పగుళ్లు ఎటు పోతాయో చెప్పేవాడు. అన్నం తినేటప్పుడు డ్రైవరుని కూడా పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. రిటైరయ్యేలోగా ఆ సొరంగానికి మొదటి పేలుడు తన చేతులమీదుగా జరగాలని ఆయన కోరిక. దాని ముందు మిగిలినవన్నీ ఆయనకి చిన్నగా కనిపించాయి. అంతే.

పరీక్ష ఆయనే ఆలోచించాడు, మంచి పరీక్షే. కొండ మీద సొరంగం వెళ్లే దారిలో లోతైన బోరు వేశారు. అందులోకి ఉప్పునీళ్లు ఒత్తిడితో ఎక్కించాలి. ఇవతల, ఊటకి కాస్త ఎగువన ఇంకో బోరు వేసి, దాని అడుగున వాహకత కొలిచే పరికరం దింపాలి. నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పోతోందో అది చెప్తుంది. పైన ఎక్కించిన ఉప్పు రాతి పగుళ్ల గుండా ఇవతలికి వస్తే అంకె పెరుగుతుంది. పెరిగితే రెండిటికీ సంబంధం ఉన్నట్టు. అంటే సొరంగం తవ్వితే ఊట అందులోకి దిగిపోతుంది. పెరగకపోతే భయం లేదు.

ఉప్పు బస్తాలు జీపులో వచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. వాళ్లలో ఒకావిడ ముందుకొచ్చి బస్తాని చేత్తో తట్టింది. పంచాయతీ వార్డు మెంబరు. సొంతంగా కాఫీ తోట, మిరియాల తీగలు ఉన్న మనిషి. ఎవరితోనైనా నువ్వు అనే మాట్లాడేది.

"ఏటమ్మా, ఇంత ఉప్పు! ఏ సేపలు ఎండబెడతావు ఈ కొండమీద?" అంది.

నవ్వి, పరీక్ష గురించి చెప్పాను. శ్రద్ధగా వింది.

"అయితే ఉప్పు మా ఊట దరికి ఒచ్చిందంటే సొరంగం తవ్వరు. అంతే గదా?"

"అంతే" అన్నాను. అప్పట్లో నేనూ అలాగే అనుకున్నాను.

మొదట కొన్నాళ్లు పైన ఏమీ ఎక్కించకుండా చూశాం. ఊట దగ్గరున్న కింది బోరులో అంకె కదలకుండా నిలబడింది. తర్వాత పైన ఉప్పునీళ్లు ఎక్కించడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే అంకె కదిలింది. మొదట మెల్లగా, తర్వాత గబగబా. పంపు ఆపేశాక కూడా పెరుగుతూనే పోయి, మొదటిదానికి రెండింతలు దాటింది. ఊటలో కూడా కొలుద్దామంటే సరిగ్గా అప్పుడే తొలకరి పడింది. వాననీళ్లు కలిసి ఊట అంకెలన్నీ పలచబడి దేనికీ పనికిరాకుండా పోయాయి. మిగిలిన సాక్ష్యం ఆ బోరు అడుగున ఉన్న పరికరం ఒక్కటే.

నేను పరుగున వెళ్లి పెద్దసారుకి చూపించాను. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎక్కించింది ఒత్తిడితో కదమ్మా. ఆ ఒత్తిడి రాతిలోంచి ఇక్కడి దాకా వచ్చి ఉంటుంది. ఒత్తిడి పెరిగితే వాహకత పెరుగుతుంది. చదువుకున్నావుగా?"

"పెరుగుతుంది సార్. కానీ ఇంత పెరగదు. పైగా పంపు ఆపాక కూడా పెరిగింది."

"రాతిలో ఒత్తిడి పంపు ఆపగానే దిగిపోదు."

"అయితే ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు అదే ఒత్తిడితో ఎక్కించి చూద్దాం సార్. నిజంగా ఒత్తిడే అయితే అప్పుడూ పెరగాలి."

నేను అడిగింది సరైనదేనని ఆయనకి తెలుసు. "నీళ్లు ఎక్కించే యంత్రం రేపు కురుపాం వైపు సైటుకి వెళ్లిపోతోందమ్మా" అన్నాడు. మర్నాడు నిజంగానే వెళ్లిపోయింది.

అప్పుడు చేశాను ఆ పైపు ప్రయోగం. దానికి నాకు సాయం వచ్చింది డ్రిల్లింగు మేస్త్రీ. బొబ్బిలి వైపు మనిషి, నోరు మూతపడదు. పైపులైన్లు లీకవుతున్నాయో లేదో చూసే చేతిపంపు ఒకటి అతని దగ్గర ఉండేది. మందమైన ఇనుప పైపుకి ఒకవైపు మూత వెల్డింగు చేసి, రెండోవైపు పరికరం బిగించాడు. ఊటనీళ్లలో ఉప్పు కలిపి నింపాం.

"మేడమ్ గారూ, ఉప్పునీల్లని ఒత్తితే ఏటొత్తాది? ఉప్పు మల్లీ ఒత్తాదేటి?" అంటూ పంపు కొట్టాడు.

అంకె బాగానే పెరిగింది. సరిగ్గా ఆ సమయానికే పెద్దసారు అటుగా వచ్చాడు. మీటరు చూశాడు, నా భుజం తట్టాడు, "చూశావా" అని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక పైపు మీద చెయ్యి వేసి చూస్తే కాలిపోతోంది. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది, మేం పైపుని ఆరుబయట పెట్టాం. నీళ్లు వేడెక్కితే వాహకత పెరుగుతుంది, ఒత్తిడికంటే చాలా ఎక్కువగా. మేం కొలిచింది ఎండని. పైపుని షెడ్డులోకి మార్చి, తడి గోనెసంచులు చుట్టి, లోపలి వేడి నిలకడగా ఉందని తేలాక మళ్లీ ఒత్తాం. బోరు అడుగున ఉండగలిగే ఒత్తిడికి ఎన్నో రెట్లు ఒత్తాం. మేస్త్రీ చేతులు బొబ్బలెక్కాయి. అంకె పెరిగింది. ఎంత? మీటరులో ఆఖరి అంకె కదిలేటంత. ఒత్తిడికి నీటి అణువుల అమరిక కొంచెం సడలి, ఉప్పులోని అయాన్లు కొంచెం తేలిగ్గా కదులుతాయి. అదీ దాని పరిధి. రెండింతలు కావడానికి ఇంకెక్కడి నుంచో ఉప్పు రావాలి.

మళ్లీ పెద్దసారు దగ్గరికి వెళ్లి, మొదటిసారి చూసింది ఎండ ప్రభావమని, అసలు ఫలితం ఇదని చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"మొత్తానికి పెరిగింది కదా?"

"పెరిగింది సార్, కానీ..."

"సరే, బాగా చేశావు" అన్నాడు. ఆ మెచ్చుకోలు నిజమైనదేనని నేను గదికి వచ్చి పడుకునేదాకా నమ్మాను.

గ్రామసభ ఊటకి దిగువన ఉన్న బడి ముందు జరిగింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. మైకు కోసం మా క్యాంపు జనరేటరు తెచ్చారు. అది షామియానా వెనక దడదడలాడుతోంది. రెవెన్యూ అధికారి ఒకాయన మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఊరివాళ్లు నేలమీద, వార్డు మెంబరు ముందు వరసలో.

మొదట ఆవిడే లేచింది. "ఉప్పు మా ఊటకి ఒచ్చిందా, రాలేదా? అదొక్కటీ సెప్పండి. కాయితాలన్నీ తర్వాత."

పెద్దసారు మైకు తీసుకుని నింపాదిగా చెప్పాడు. కింది బోరులో అంకె పెరిగిన మాట నిజమే, దాచడం లేదు. నీళ్లు ఒత్తిడితో ఎక్కించాం, ఒత్తిడికి వాహకత పెరగడం ప్రకృతి ధర్మం. "మీకు నా మాట మీద నమ్మకం లేకపోతే మా కెమిస్టు మేడమ్ ఇక్కడే ఉన్నారు. ప్రయోగం చేసింది ఆవిడే. మీ ఎదురుగానే అడుగుతాను." నా వైపు తిరిగి మైకు నా నోటి దగ్గర పెట్టాడు. "ఒత్తిడి పెంచితే ఉప్పునీటి వాహకత పెరుగుతుందా, లేదా మేడమ్?"

"పెరుగుతుంది. అయితే..."

మైకు వెనక్కి వెళ్లిపోయింది. "విన్నారు కదా" అంటోంది ఆయన గొంతు, స్పీకర్లలోంచి.

నేను లేచి నిలబడ్డాను. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను నెమ్మదస్తురాలిని, సభల్లో నోరెత్తిన మనిషిని కాను. ఆ రోజు అరిచాను. "అది చాలా చిన్న పెరుగుదల. ఇక్కడ పెరిగింది ఒత్తిడికి కాదు. పైన పోసిన ఉప్పు ఇక్కడిదాకా వచ్చింది" అని గొంతు చించుకుని అరిచాను. జనరేటరు చప్పుడులో ముందు రెండు వరసలకి వినిపించింది. వెనకవాళ్లకి నా నోరు కదలడం కనిపించి ఉంటుంది.

వార్డు మెంబరు మళ్లీ లేచింది. "ఏటన్నావు? మల్లీ సెప్పు. మైకులో సెప్పు."

నేను మైకు కోసం చెయ్యి చాచాను. రెవెన్యూ అధికారి చెయ్యి అడ్డంపెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు, విసుగు ఉంది. "అమ్మా, మీరిద్దరూ ఒకే ఆఫీసు వాళ్లు. సాంకేతిక విషయాలు మీలో మీరు తేల్చుకోండి. ప్రజల్ని గందరగోళపెట్టకండి." తర్వాత ఊరివాళ్ల వైపు తిరిగి, ఇది అసలు సొరంగం కాదని, పరిశీలన కోసం తవ్వే చిన్న సొరంగమేనని, ఊట తగ్గితే అదే రోజు పని ఆపిస్తామని చెప్పాడు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నారు. ఎత్తినవాళ్లు ఎత్తారు. ఆవిడ ఎత్తలేదు, తినకుండా వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో పెద్దసారు ముందు సీట్లో కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు సగం దారిలో, వెనక్కి తిరక్కుండా.

"లేదు సార్."

"నువ్వూ చెప్పలేదు."

ఆయన గొంతులో ఓదార్పు ఉంది. అది నన్నే ఓదార్చడానికో, తనని తాను ఓదార్చుకోవడానికో నాకిప్పటికీ తెలీదు.

మర్నాడు నడిచి ఊరికి వెళ్లాను. వార్డు మెంబరు ఇంటి అరుగు మీద చోడి అంబలి గిన్నెతో కూర్చుని ఉంది. అంతా మొదటినుంచి చెప్పాను. పైపు గురించి, ఎండ గురించి, తడి గోనెల గురించి. అడ్డురాకుండా వింది.

"నువ్వు సెప్పింది నాకు తెలిసింది. మావోల్లకీ సెప్తాను. కానీ నిన్న సభలో స్పీకర్లో నీ గొంతు ఒక్క ముక్కే ఇనబడ్డాది. పెరుగుద్దని. మావోల్లందరూ ఆ ముక్కే అట్టుకున్నారు. మన మనిషే ఔనందిగా అంటన్నారు."

మన మనిషి! ఆ మాట మీద నేను చాలా ఏళ్లు బతకగలిగేదాన్ని, ఇంకో సందర్భంలో అయితే.

విశాఖ వెళ్లి ఆఫీసులో అందరికంటే పైనున్న అధికారిని కలిశాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పైపు ప్రయోగం మొత్తం చెప్పించుకున్నాడు, మంచి ప్రశ్నలు అడిగాడు. "మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఆ భాగంలో పగుళ్లన్నీ సిమెంటుతో మూసేశాకే ముందుకు తవ్విస్తాం" అన్నాడు. బయటికి వచ్చి బస్టాండులో సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. నెల తిరిగేసరికి డిప్యుటేషను ముగిసిందని నన్ను మైదానంలోని నా పాత లాబుకి పంపేశారు. శిక్షలా లేదు. బదిలీ కాగితం చాలా మర్యాదగా ఉంది.

తర్వాత సంగతి మేస్త్రీ ఫోనులో చెప్పాడు. పరిశీలన సొరంగం కొండ అవతలి వైపునుంచి తవ్వుకొచ్చారు. పెద్దసారు కోరుకున్నట్టే మొదటి పేలుడు ఆయన చేతులమీదుగా జరిగింది. కొబ్బరికాయ కొట్టారు. ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నా ప్రయోగాన్ని పొగిడాడట, పరిమిత వనరులతో సైటులో చేసిన పరిశోధన అని. సిమెంటు వచ్చింది, కానీ పగుళ్ల దాకా రాలేదు, సొరంగం గుమ్మానికి సరిపోయింది.

ఒకరోజు మేస్త్రీ గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. "మేడమ్ గారూ, లోపల గోడ బద్దలైపోనాది. నీల్లు ఏరునాగ ఒచ్చీసినాయి. మేం పరిగెట్టి బయటికొచ్చీసినాం. ఎవుల్కీ ఏటీ కాలేదు." మళ్లీ తనే అన్నాడు: "అటుపక్క ఊట ఎలాగుందో కనుక్కోడానికి నాకు నోరు రాలేదు మేడమ్."

పని అదే రోజు ఆపారు. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నారు. ఊట మొదట సన్నబడింది, ఆ తర్వాతి వేసవికి బొంగులోంచి చుక్క రాలలేదు. ఇంకొంత కాలానికి ప్రాజెక్టుకే డబ్బుల్లేవని, ఇంకోచోట మంచి కొండ దొరికిందని మొత్తం ఎత్తేశారు. షెడ్లు విప్పుకుపోయారు. కొండలో కన్నం మిగిలింది.

నేను రిటైరైన తర్వాత ఒకసారి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను అనడం అబద్ధం. ఎన్నో ఏళ్లు వెళ్లకుండానే ఉన్నాను. అరకులో బంధువుల పెళ్లికి వచ్చి, మర్నాడు కారు మాట్లాడుకుని అటు పోయాను. ఊళ్లో సగం ఇళ్లు ఖాళీ. కొన్ని కుటుంబాలు కొయ్యూరు వైపు దిగిపోయాయన్నారు. వరిమడులు బీడుపడ్డాయి. ట్యాంకు ఒకటి కట్టించి బోరు వేశారు గానీ, మోటారు కాలి ఎన్నాళ్లయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. వార్డు మెంబరు కోసం అడిగితే నీళ్లకి వెళ్లిందన్నారు, కొండ చుట్టూ ఉన్న కాలిబాట చూపించారు.

ఆ బాట చాలాసేపు ఎక్కి దిగాక సొరంగం గుమ్మం దగ్గర తేలింది. ఇనుప గేటు తుప్పుపట్టి ఒరిగి ఉంది. దాని కిందనుంచి నీళ్లు, ధారాళంగా, తేటగా వచ్చి, మనిషన్నవాడు లేని అవతలి లోయలోకి పోతున్నాయి. చేతిసంచిలో పాత అలవాటుగా చిన్న మీటరు ఉంది. ముంచి చూశాను. అంకె నాకు కంఠతా వచ్చు. మొదటి రోజుల్లో, ఏ ఉప్పూ పోయకముందు, కొండకి ఇవతల నేను చూసిన అంకె అది. వాళ్ల ఊటే. చుక్క తగ్గకుండా అక్కడే ఉంది, కొండకి తప్పుడువైపు.

ఆవిడ గేటు పక్కన రాతి మీద కూర్చుని బిందె నింపుకుంటోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఉప్పు మేడమ్‌వి గదా!" అంది.

నేను ఏదో చెప్పడం మొదలుపెట్టాను. విశాఖలో టీ గురించి, సిమెంటు గురించి. ఇన్నేళ్లుగా ఎవరికో చెప్పాలని సిద్ధం చేసుకున్న మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. మీటరు తీసి అంకె చూపించి, ఇవి మీ ఊట నీళ్లేనని కూడా చెప్పాను.

"మాకు తెలవదేటి! రుచి సూడ్డం రాదేటి మాకు?" అంది. కోపంగా కూడా అనలేదు. తలమీద గుడ్డచుట్ట సరిచేసుకుని బిందె వైపు వంగింది. వంగి, నడుం పట్టుకుని ఆగిపోయింది.

"బేగి ఎల్లాలి. ఓ సెయ్యి ఎయ్యి" అంది.

నేను మీటరు సంచిలో వేసి, రెండు చేతులతో బిందె ఎత్తి ఆవిడ తలమీద పెట్టాను. ఆవిడ ఒక చెయ్యి దానికి ఆనించి, వెనక్కి చూడకుండా కొండ ఎక్కడం మొదలుపెట్టింది.